వాల్వు వేడెక్కేదాకా

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి బెండకాయలు ముందేసుకుని కూర్చున్నాను. అంతలో మా అమ్మాయి నా ఫోన్‌కి ఒక వీడియో పంపింది. "అమ్మా, మీ క్యాంపస్ గురించి చెప్తున్నాడు, చూడు" అని కింద ఒక ముక్క రాసింది. మా అమ్మాయి పంపే వీడియోలు మామూలుగా మోకాళ్ల నొప్పుల గురించో, మెంతుల గురించో ఉంటాయి. ఇదేదో కాస్త నయంగా ఉందని ఫోన్‌ని ఉప్పు డబ్బాకు ఆనించి, కత్తి ఆపకుండానే నొక్కాను. తెర మీద నెరిసిన జుట్టును వెనక్కి ముడేసుకున్న మనిషి, ఒళ్లో గిటారు, వెనకాల గోడ పొడవునా పాత యాంప్లిఫయర్ పెట్టెలు. ట్రాన్సిస్టర్లవి కాదు, గాజు వాల్వులవి, స్విచ్చి వేస్తే లోపల ఎర్రగా వెలిగేవి. ఆ మనిషిని నేను ఎరుగుదును. ఎమ్మెస్సీలో నా క్లాసు. ల్యాబుకు వచ్చినా రాకపోయినా గిటారు మాత్రం భుజం దిగేది కాదు. ఇవాళ సినిమా పాటల్లో గిటారు మోగితే సగం అతనిదే అంటారు. పేరు చెప్పదలచుకోలేదు. ఇంతకంటే తగిన మాట దొరికేదాకా మిత్రుడు అనే అంటాను.

మిత్రుడు ఒక్కో పెట్టె మీద చెయ్యి వేసి దాని చరిత్ర చెబుతున్నాడు. ఇది ఫలానా దేశంలో పుట్టింది, ఈ రకం మీదే ఫలానా మహానుభావుడు వాయించాడు. ఇది ఇంకొకాయన వాడిన రకం, ఆయన వాల్యూమ్ చివరిదాకా తిప్పేసి ఇక ముట్టుకునేవాడు కాదట. ప్రశ్నలడిగే అమ్మాయి ప్రతిదానికీ నోరు తెరుస్తోంది. చివరగా ఒక చిన్న పెట్టె దగ్గరికి వచ్చాడు. నల్లటి కొత్త తొడుగు, ముందు ఇత్తడి రేకు మీద ఏదో ఇంగ్లీషు పేరు. "ఇది నా ప్రాణం. విదేశంలో ఒక ముసలాయన చేత్తో చేసింది. ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి దొరకదు" అన్నాడు. ఆ అమ్మాయి లోపల చూపించమంటే వెనక చెక్క తీశాడు. కెమెరా దగ్గరికి వెళ్లింది. వాల్వుల పక్కన పిడికెడంత ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ మైనం పట్టి ముదిరిపోయిన కాగితం, కాగితం మీద ఆకుపచ్చ గళ్లు. గళ్ల మీద పెన్సిల్‌తో గీసిన ఒక వంపు, దాన్ని అడ్డంగా కొట్టేసిన ఎర్ర సిరా. "ఏంటి సార్ ఈ కాగితం?" అందా అమ్మాయి. "పాతకాలం ఇంజనీర్ల పద్ధతమ్మా" అన్నాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ వంపు నేను గీసింది. ఎమ్మెస్సీ మొదటి ఏడు, డయోడు ప్రయోగంలో, రెండు అక్షాలూ తారుమారు చేసి గీసిన తప్పు గ్రాఫు. ఎర్ర సిరా మా ప్రొఫెసర్‌ది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది మా చిన్నాయన, తార్నాకలో, ఇంటి ముందరి అరుగు మీద కూర్చుని. అది కాలి బొగ్గయిపోయిందని ముప్పై ఏళ్లు దాటి నేను నమ్ముతున్నాను.

చిన్నాయన అంటే మా చిన్నమ్మ భర్త. మాది జనగామ దగ్గర ఒక ఊరు. నాకు యూనివర్సిటీలో సీటు రాగానే మా నాయన నన్నూ, ఒక ట్రంకు పెట్టెనూ, ఒక బియ్యం బస్తానూ తెచ్చి తార్నాకలో వాళ్లింట్లో దించాడు. వాళ్లకు పిల్లల్లేరు. బియ్యం తిప్పి పంపారు, నన్ను ఉంచుకున్నారు. చిన్నాయన మా డిపార్ట్‌మెంటులోనే ల్యాబు మెకానిక్. ప్రయోగం పని చెయ్యకపోతే ప్రొఫెసర్లు "ఆయన్ని పిలవండి" అనేవాళ్లు, పని చేస్తే ఎవరూ పిలిచేవాళ్లు కాదు. సన్నటి మనిషి, చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. చదివింది పదో తరగతి. అయినా పుస్తకంలో నాకు అర్థం కాని సర్క్యూటు ఆయన అగ్గిపుల్లలు పేర్చి చెబితే అర్థమయ్యేది. పొద్దున ఇద్దరం తార్నాక నుంచి క్యాంపస్‌లోకి కలిసి నడిచేవాళ్లం. డిపార్ట్‌మెంటు మెట్లు కనపడగానే ఆయన రెండడుగులు వెనకబడేవాడు. మెకానిక్ పక్కన నడిస్తే నాకు నామోషీ అనుకున్నాడో ఏమో. నేను ఆగితే తనూ ఆగేవాడు. అలా ఆగీ ఆగీ ఇద్దరం ఆలస్యంగా లోపలికి వెళ్లేవాళ్లం.

డిపార్ట్‌మెంటులో పాత వాల్వు పరికరాలు తీసేసి కొత్తవి పెడుతున్న రోజులవి. పారేసినవి తుక్కు కింద పోతుంటే, చిన్నాయన హెడ్డు దగ్గరికి వెళ్లి కాగితం రాయించుకుని మరీ కొన్ని వాల్వులు ఇంటికి తెచ్చుకున్నాడు. కాగితం లేకుండా ఒక మేకు కూడా గేటు దాటించే మనిషి కాదు. మిగిలినవి ముషీరాబాద్‌లో పాత రేడియోలు బాగుచేసే దుకాణాల్లో ఏరుకొచ్చేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కొనేవాడు కాదు. "బజార్ల దొరికేది బద్మాష్ మాల్ బిడ్డా" అని తనే చుట్టేవాడు. సన్నటి రాగి తీగ, వేల చుట్లు, ఒక్కో వరసకూ మధ్య ఒక కాగితం. లెక్క తప్పితే మొత్తం విప్పాలి. అందుకని ఆయన వంద అనగానే ఒక చింతగింజ గిన్నెలో వెయ్యడం నా ఉద్యోగం. ఆయన చుడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ అంకెలు పలకకూడదు. చిన్నమ్మ పాలవాడితో ఎన్ని లీటర్లో చెప్పడానికి సందు చివరిదాకా వెళ్లేది. మధ్య కాగితాలకు నా ల్యాబు గ్రాఫులు అడిగాడు, మందం సరిగ్గా సరిపోతుందట. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, ఆ మైనంలో వాటిని ముంచి ఆరేసేవాడు. ఇల్లంతా కొవ్వొత్తుల వాసన. నేను ఆ తప్పు గ్రాఫును సిగ్గుపడి అడుగున దాస్తే బయటికి లాగి చూశాడు. "తప్పయితే ఏంది బిడ్డా? కరెంటుకు చదువొస్తదా? దాన్ని ఆపుడే గద దీని పని" అని, దాన్నే అన్నిటికంటే పైన చుట్టాడు.

క్యాంపస్‌లో అప్పుడు గిటారు పిచ్చి బాగా ముదిరి ఉంది. హాస్టలు గదుల్లో దేవుడి పటాలకు చోటు లేకుండా విదేశీ గిటారిస్టుల బొమ్మలు, అందరూ జుట్టు విరబోసుకుని కళ్లు మూసుకున్నవాళ్లే. చిన్నాయనకూ ఒక ఆల్బం ఉండేది. పాత విదేశీ పత్రికలు ఎక్కడ దొరికినా బొమ్మలు కత్తిరించి అంటించేవాడు. తేడా ఏమిటంటే ఆయనకు కావలసింది వెనకాల ఉన్న పెట్టె. ముందు నిలబడ్డ మహానుభావుడు అడ్డమొస్తే తలో భుజమో కోసేసేవాడు. ఆ ఆల్బం నిండా తలల్లేని గిటారిస్టులు. లోకం పేర్లు జపించే మనుషులు ఆయనకు రెండు వాల్వులాయన, నాలుగు వాల్వులాయన, అంతే. వాళ్ల కథలన్నీ తెలుసు, పెట్టె వైపు నుంచి. ఒకాయన స్పీకరు అట్టను బ్లేడుతో కోసి, ఆ చిరుగు మోతతోనే పేరు తెచ్చుకున్నాడట. ఇంకొకాయన రికార్డింగులో పెట్టెను దుప్పట్లో చుట్టి స్నానాల గదిలో పెట్టించాడట. స్టేజీ మీద గోడలా పేర్చిన పెట్టెల బొమ్మ చూపించి, "గివన్నీ మోగుతయనుకుంటున్నవా? సగం ఖాళీ డబ్బాలు. మోగేది ఒకటో రెండో, అది గూడ కనపడని కాడ ఉంటది" అని నవ్వేవాడు. ట్రాన్సిస్టర్ మంచిదా వాల్వు మంచిదా అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "ట్రాన్సిస్టర్‌ను గట్టిగ అడిగితే తిడ్తది. వాల్వును గట్టిగ అడిగితే ఏడుస్తది. జనం వచ్చేది ఆ ఏడుపు ఇనేతందుకే."

ఈ పెట్టెను ఆయన చేసింది మా చర్చి క్వయర్ కోసం. గిటారు వెనక బెంచీల దాకా వినపడడం లేదని పాస్టరుగారు ఒక మాట అన్నారు. ఆ ఒక్క మాట మీద ఏడు నెలలు పని చేశాడు. స్పీకరు ముందర తెరకు చిన్నమ్మ పాత నారాయణపేట చీర కొంగు, తిప్పే బిరడాలు ల్యాబులో పాడైపోయిన ఏదో పరికరానివి, వాటికీ హెడ్డు కాగితం ఉంది. దాని దగ్గర ఒక నియమం. స్విచ్చి వేశాక రెండు నిమిషాలు గిటారు తీగ ముట్టకూడదు. నేను గడియారం చూస్తూ వేళ్లు కదిపితే, "వాల్వు వేడెక్కేదాక ఆగాలె. ఆగమాగం చేసి అడిగితే దాని పానం పోతది. ఆగు బిడ్డా, అదే పలుకుతది" అనేవాడు. చలికాలంలో ఆ వేడికి చిన్నమ్మ పాలు తోడుపెట్టి గిన్నె దాని మీద ఉంచేది. గిన్నె లేనప్పుడు పక్కింటి పిల్లి పడుకునేది. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో మొదటి పాట మొదలవగానే వెనక బెంచీల్లో ముసలమ్మలు ఉలిక్కిపడి, తర్వాత సర్దుకుని, చివరికి కళ్లు ఒత్తుకున్నారు. చిన్నాయన లోపలికి రాలేదు. బయట చెప్పుల దగ్గర నిలబడి పాటలన్నీ అయ్యేదాకా విన్నాడు.

ఆ ఆరాధనకు మిత్రుణ్ని తీసుకెళ్లింది నేనే. ప్రసంగం ఎటు వెళ్లిందో గానీ అతను మాత్రం ఆసాంతం పెట్టె వైపే చూశాడు. తర్వాతి ఆదివారం నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్లో తేలడం మొదలుపెట్టాడు. వాళ్లది ముషీరాబాద్. "మీ మటన్ వాసన మా ఇంటిదాకా వస్తుంది ఆంటీ" అంటే చిన్నమ్మ పొంగిపోయి మంచి ముక్కలన్నీ అతని కంచంలోనే వేసేది. అతను వాయిస్తుంటే చిన్నాయన కళ్లు మూసుకునేవాడు. వినేది గిటారును కాదు, వాల్వును. ఆ ఇంట్లో అందరికీ అతనంటే ఇష్టమే. నాకూ ఇష్టమే. ఏ రకం ఇష్టమని అడిగితే ఇప్పుడు బెండకాయల ముందు కూర్చుని ఏం చెప్పను. గ్రాఫులో అక్షాలు తారుమారు కావడానికి కారణం డయోడు కాదని మాత్రం చెప్పగలను. రెండుసార్లు అతను పెట్టెను తనకిచ్చెయ్యమని అడిగాడు. "అది చర్చికి మొక్కింది నాయనా. నీకు ఇంకోటి చుడ్త, జర ఆగు" అన్నాడు చిన్నాయన. ఆగడం అతని జాతకంలో లేదు. వేసవిలో వరంగల్‌లో ఒక కాలేజీలో బ్యాండ్ల పోటీ వచ్చింది. ఒక్క ప్రోగ్రాముకు అడిగి పెట్టమని నన్ను బతిమాలాడు. నేను చిన్నాయనను బతిమాలాను. నేనూ వెంట వెళ్తానంటే ఒప్పుకున్నాడు. ఇచ్చేటప్పుడు చీర కొంగు తెర మీది దుమ్ము తుడిచి, అతని వైపు కాదు, నా వైపు చూశాడు. "నీ చేతుల పెడ్తున్న బిడ్డా" అన్నాడు.

వరంగల్‌లో పొద్దుటిపూట బ్యాండు వాళ్లు రిహార్సల్‌కు పోతే, ఆడపిల్లలం నలుగురం కోట చూడ్డానికి పోయాం. మూడింటికి తిరిగొచ్చేసరికి మిత్రుడు ఆడిటోరియం వెనక మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "కాలిపోయింది యార్. రిహార్సల్‌ల పెట్టంగనే పొగ లేచింది, ఎవడో నీళ్లు కొట్టిండు. చెక్క మొత్తం పోయింది, ఆడనే పడేసినం. గిదొక్కటే మిగిలింది" అని ఒక గుడ్డ సంచి ఇచ్చాడు. లోపల బొగ్గు పట్టిన ఇనుప ముద్ద, ట్రాన్స్‌ఫార్మర్. నాకు ఏడుపొచ్చింది. "మీ అంకుల్ సోల్డరింగ్ ఊడినట్టున్నది. నేను చెప్తే నమ్మడు, నేనే ఖరాబ్ చేసిన అనుకుంటడు. నువ్వే చెప్పు. కళ్లార చూసిన అని చెప్పు, నీ మాటైతే నమ్ముతడు" అన్నాడు. సాయంత్రం వాళ్లు ఎవరిదో అరువు ట్రాన్సిస్టర్ పెట్టె మీద వాయించి ఓడిపోయారు కూడా. ఓడిపోయినవాణ్ని ఎవరు అనుమానిస్తారు? కొలవనిదే రాయకూడదని ల్యాబులో రోజూ విన్నదాన్ని, ఆ సంచిలోని ముద్దను ఒక్కసారి గీకి చూసినా సరిపోయేది. నా ఎర్ర గీత ఎక్కడుందని వెతికినా సరిపోయేది. సంచి ఒళ్లో పెట్టుకుని రైలంతా అతన్నే ఓదారుస్తూ వచ్చాను.

మర్నాడు పొద్దున చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. సంచి ముందు పెట్టి, పెట్టె కాలిపోయింది, సోల్డరింగ్ ఊడిందట అని చెప్పేశాను. ఆయన ఆ ముద్దను రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. గోటితో ఒక మూల గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"కాలంగ నువ్వు చూసినవా బిడ్డా?"

"చూసిన చిన్నాయనా. పొగ గూడ చూసిన."

చూశానని చెప్పమన్నది మిత్రుడు. పొగ చూశానన్నది మాత్రం నా సొంతం. చెప్పేదానికి కాస్త తాలింపు ఉంటే నమ్మకంగా ఉంటుందనుకున్నాను. నిజంగా జరిగిందాన్నే చూశానంటున్నాను, అదెంత అబద్ధం గనక అనుకున్నాను. చిన్నాయన తల ఊపాడు. "సరే తియ్. చేతులు కడుక్కో, అన్నం తిను" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంట్లో ఇక ఏదీ చుట్టలేదు. సోల్డరింగ్ ఐరన్ గుడ్డలో చుట్టి అటకెక్కింది. చింతగింజలు చింతపండు డబ్బా పక్కకు చేరాయి. చర్చికి పాస్టరుగారు ఒక ట్రాన్సిస్టర్ పెట్టె కొన్నారు, అది పాటలన్నిటినీ తిట్టింది. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే నా కంచంలో కూర చూసేవాడు, నా ఫీజు గడువు నాకంటే ముందు గుర్తుపెట్టుకునేవాడు. డిపార్ట్‌మెంటు మెట్ల దగ్గర మాత్రం నేను ఆగినా ఆయన ఆగడం మానేశాడు. తన చెయ్యి తప్పిందని లోపల కుమిలిపోతున్నాడనుకుని నేను కూడా ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తితే పుండు రేపినట్టవుతుందని నా తెలివి. మిత్రుడు ఎండలు ఎక్కువని రెండు ఆదివారాలు, పరీక్షలని మూడు ఆదివారాలు ఎగ్గొట్టి, పరీక్షలయ్యాక సినిమాలని మద్రాసు వెళ్లిపోయాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు. నాకు పెళ్లయింది, జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, మౌలాలిలో ఇల్లు తీసుకున్నాం. నెలకు రెండు ఆదివారాలైనా తార్నాక వెళ్లేదాన్ని. చాయ్ అయిపోయాక చిన్నాయన కప్పు కింద పెట్టి, "ఇంకేంది బిడ్డా, చెప్పు" అనేవాడు. హైదరాబాద్‌లో ఆ మాట అననివాళ్లెవరు? నేను కాలేజీ గొడవలు, నీళ్ల ట్యాంకర్ గొడవలు, మా అత్తగారి గొడవలు వరసగా చెప్పేదాన్ని. అన్నీ విని మళ్లీ "ఇంకేంది" అనేవాడు. "ఇంకేం లేదు చిన్నాయనా" అని చెప్పులు వేసుకునేదాన్ని. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు కూడా అదే అడిగాడు. మాట్లాడొద్దు, ఆయాసం వస్తుంది, పడుకో అన్నాను.

ఇదంతా తలచుకుంటే మొన్న వీడియో చూసిన ఆదివారం నాకు ఒళ్లు మండిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది, అది శనగల గురించి కాదని అప్పుడు తెలిసింది. తిన్న కంచంలో మంచి ముక్కలు వేయించుకుని, పెట్టె ఎత్తుకుపోయి, బజార్లో ఎవడిదో కాలిన ముద్ద కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. పెట్టె పోతే పోయింది. చేత్తో పని చేసి బతికిన మనిషికి తన చెయ్యి తప్పిందన్న దిగులు అంటగట్టి, దానితోనే సాగనంపాడు. అది నాకు ఓర్చుకోవడం చేతకాలేదు. ఫోన్ తీసి ఆ వీడియో కింద రాశాను. "నీ వెనక ఉన్నది ఏ విదేశీ ముసలాయనా చేసింది కాదు. తార్నాకలో మా చిన్నాయన చేశాడు. నువ్వు ఆయనకు అబద్ధం చెప్పావు. ఆ అబద్ధాన్ని నమ్మి ఆయన జీవితంలో మళ్లీ తీగ ముట్టలేదు." పంపబోతూ ఆగాను. ఇంకా ఒక మనిషి ఉంది, ముందు ఆవిడకు తెలియాలి. తన భర్త చెయ్యి తప్పలేదని వినే హక్కు చిన్నమ్మకు అందరికంటే ముందు ఉంది. బెండకాయలు అలాగే వదిలేసి ఆటో ఎక్కాను.

చిన్నమ్మ ఇప్పటికీ ఆ సందులోనే ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి అరుగు మీద ఎండ పడడం మానేసింది గానీ అరుగు ఉంది. నేను రొప్పుతూ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని వీడియో పెట్టాను. చెవులు సరిగ్గా వినపడవు, అందుకని వెనక చెక్క తీసిన చోట ఆపి చూపించాను. కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూసింది.

"గిది మన పెట్టెనే గద. కొంగు పీకేసిండు" అంది.

"కాలలేదు చిన్నమ్మా. చిన్నాయన సోల్డరింగ్ ఊడలేదు, ఏం ఊడలేదు. వాడు దొంగతనం చేసిండు."

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా లేచి లోపలికి వెళ్లింది. మంచం కింద ఏదో జరిపిన చప్పుడైంది. ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మూత తీశాను. ఆనాటి ఇనుప ముద్ద, కానీ ముద్దగా లేదు, పూర్తిగా విప్పి ఉంది. లోపలి ఇనుప రేకులు ఒక దొంతిగా సర్ది ఉన్నాయి. నల్లబడ్డ తీగ ఒక కండెకు శుభ్రంగా చుట్టి ఉంది. పక్కన వరసల మధ్య నుంచి తీసిన కాగితాలు, కాలినవి కాలినట్టే, మడత పెట్టి దారంతో కట్టి ఉన్నాయి. ఒట్టి ఖాకీ కాగితాలు. ఒక్క గడి లేదు, ఒక్క గీత లేదు. వాసన చూశాను. మైనం లేదు.

"ఆయనకు గారోజే ఎరుకైంది బిడ్డా" అంది చిన్నమ్మ. "చేతుల పట్టుకోంగనే ఎరుకైందట. నువ్వు కాలేజీకి పోయినంక విప్పిండు. ఇది నేను చుట్టింది కాదన్నడు."

"మరి నన్ను అడగలేదేంది?"

"నేనే అడుగుతనన్న. వద్దన్నడు. పిల్ల ఒక అబద్ధం ఆడింది, అడిగితే ఇంకోటి ఆడాల్సొస్తది, ఊకో, అదే చెప్తది అన్నడు. గా పిలగాని ఇల్లు ముషీరాబాద్‌ల ఎరుకే గద, పోయి అడుగన్న. పెట్టె పోతే ఇంకోటి చుట్టుకుంట, వాణ్ని అడిగితే పిల్ల ఇజ్జత్ పోతదన్నడు."

"ఇంకోటి చుట్టలేదు గదా."

"గింజలేసెటోళ్లు లేరన్నడు."

అప్పుడు నేను ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పాను, నాకు తెలియదని, వాడు నన్ను కూడా మోసం చేశాడని, ఆ సంచి నేను విప్పి కూడా చూడలేదని, వాడి మీద ఇష్టంతో దొంగతనం దాచానని చిన్నాయన అనుకుని ఉంటే అది నిజం కాదని. చిన్నమ్మ నా వీపు మీద చెయ్యి వేసి అంతా వింది. నిష్ఠూరం లేదు ఆవిడ గొంతులో, గుర్తొచ్చింది కాబట్టి అడిగినట్టు అడిగింది.

"మరి పొగ చూసినన్నవ్ గద బిడ్డా?"

నేను డబ్బాకు మూత పెట్టాను. చిన్నమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను ఫోన్ తీసి, వీడియో కింద రాసి పంపకుండా ఉంచిన మాటలు మళ్లీ చదువుకున్నాను. నువ్వు ఆయనకు అబద్ధం చెప్పావు అని రాశాను. లెక్క చూస్తే మిత్రుడు ఆ పెట్టె గురించి చిన్నాయనకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆయన ఎదుట నిలబడి, ఆయన కళ్లలోకి చూసి చెప్పిన మనిషి వేరే ఉంది. అతను మోసం చేసింది నన్ను. చిన్నాయనను మోసం చేసింది నేను, కనీసం ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాడు, అలా అనుకుంటూనే నా కంచంలో కూర చూశాడు. రాసింది చెరిపేశాను. ఏదో ఒకటి రాస్తాను, పెట్టె ఎవరిదో లోకానికి తెలియాలి, కానీ ముందు ఆ మొదటి వాక్యం ఎలా రాయాలో నాకు తెలియాలి. చిన్నమ్మ చాయ్ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన కూర్చునే చోట ఖాళీ వదిలి ఇద్దరం అటూ ఇటూ కూర్చున్నాం. స్విచ్చి వేశాక రెండు నిమిషాలు ఆగలేక గడియారం చూసే నాకు, ఆగు బిడ్డా, అదే పలుకుతది అని చెప్పిన మనిషి, నేను పలుకుతానని ఇరవై మూడేళ్లు ఆగాడు.